పదకొండు మంది పోయిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయం ధర్మయ్య వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికి లేచి మదర్ డెయిరీ బూతు నుంచి పాలు తేవాలి. పదింటికి ఢిల్లీ రామకృష్ణాపురం స్కూల్లో తెలుగు మిత్రమండలి వాళ్లు రిటైరైన వాళ్ల కోసం పెట్టిన శిక్షణ తరగతికి వెళ్లి గంటన్నరసేపు పెన్షన్ ఫారాల గురించి చెప్పాలి. ఒంటిగంటకు ఇంటికొచ్చి, ఊరినుంచి వచ్చిన గోంగూర పచ్చడితో అన్నం తిని పడుకోవాలి. ఇందులో భయపడాల్సిందేమీ లేదు. అయినా ధర్మయ్య తెల్లవారుజామునే లేచి పాల డబ్బులు మూడుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

భయం ఆయనకు వచ్చిపోయే చుట్టం కాదు, ఇంట్లో మనిషి. నలభై మూడేళ్లొచ్చాయి. కేంద్ర ప్రభుత్వంలో ఒక మంత్రిత్వ శాఖలో పెన్షన్ల సెక్షన్లో అప్పర్ డివిజన్ క్లర్కు. బస్సులో కండక్టరు టికెట్ అడిగితే, కొన్న టికెట్ జేబులోనే ఉన్నా నుదుట చెమట పట్టేది. దానికి తోడు ఆ నెలలోనే అసిస్టెంటు ప్రమోషన్ల జాబితా తయారవుతోంది. పదిహేడేళ్లుగా ఎదురుచూస్తున్న జాబితా అది. అందులో తన పేరు మూడోదని ఆయనకు రహస్యంగా తెలిసింది. నెలాఖరు దాకా ఏ కాగితం మీదా తన పేరు పడకుండా, ఏ అధికారి కంటా తాను పడకుండా గడిస్తే గండం గట్టెక్కినట్టే.

అలాంటి మనిషి తనంతట తానే ముందుకొచ్చి పాఠం చెబుతానని ఎందుకు చెయ్యెత్తాడని భార్య సీతారత్నం పది రోజులుగా అడుగుతూనే ఉంది. దానికి ధర్మయ్య దగ్గర ఒక జవాబుంది. రిటైరైనవాళ్లు మెమోలు ఇవ్వలేరు, రహస్య నివేదికలు రాయలేరు. లోకంలో తాను భయపడనక్కర్లేని జనం ఎవరైనా ఉంటే వాళ్లే. ఒక్కసారి, ఒక్క ఆదివారం, భయం లేకుండా పదిమంది ముందు నిలబడి మాట్లాడితే ఎలా ఉంటుందో చూడాలని ఆయనకు ఆశ పుట్టింది.

ఆ తరగతి పెట్టాలన్న ఆలోచన వసంతకుమారి గారిది. తెనాలి వైపు నుంచి పద్దెనిమిదో ఏట నర్సుగా ఢిల్లీ వచ్చి, ఒక పెద్ద ఆసుపత్రిలో మేట్రన్‌గా రిటైరైన మనిషి. మొగుడు పోయిన వారానికి ఏ ఫారం నింపాలో, ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియక ఏడ్చే ఆడవాళ్లను ఆవిడ ఎంతోమందిని చూసింది. అందుకే మగవాళ్లు బతికుండగానే వాళ్ల భార్యలకు ఫ్యామిలీ పెన్షన్ ఫారం నింపడం నేర్పాలని పట్టుబట్టింది. మొదటి గంట తాను అందరికీ బి.పి. చూసి ఆరోగ్యం సంగతులు చెబుతుంది, తర్వాత గంటన్నర ధర్మయ్యది.

పదింటికల్లా పదకొండు జంటలు వచ్చి చిన్నపిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నాయి. చలి అప్పుడప్పుడే మొదలవుతున్నా మగవాళ్లంతా స్వెట్టర్లు, మఫ్లర్లు, కోతి టోపీలతో వచ్చారు. వసంతకుమారి గారి గంట అయ్యేదాకా వరండాలో ఫారాలు సర్దుకున్న ధర్మయ్య, లోపలికొచ్చి సుద్దముక్క చేత్తో పట్టుకుని బోర్డు దగ్గర నిలబడి, నవ్వుతూ ముందు బెంచీ వైపు చూశాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. ముందు బెంచీ మీద, కోటు గుండీలన్నీ పెట్టుకుని, నాగభూషణం గారు కూర్చుని ఉన్నారు.

నాగభూషణం గారు రెండేళ్ల క్రితం దాకా ధర్మయ్య మంత్రిత్వ శాఖలోనే అండర్ సెక్రటరీ. ధర్మయ్య ఆయన కింద తొమ్మిదేళ్లు పనిచేశాడు. ఆయన కేకలేసేవారు కాదు. ఫైలు మార్జిన్లో ఎర్ర సిరాతో 'మాట్లాడండి' అని, అంటే వచ్చి తన ముందు నిలబడి జవాబు చెప్పమని, ఒక్క మాట రాసేవారు. ఆ మాట చూసి సెలవు చీటీ రాసిచ్చి వెళ్లిపోయిన గుమాస్తాలున్నారు. రిటైరయ్యారు కదా, ఇంకేం భయమని ధర్మయ్య తనకు తాను చెప్పుకున్నాడు గాని, చెప్పుకుంటూనే చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

పాఠం మొదలైంది. ధర్మయ్య ఫారాలు పంచాడు. పేరు, ఊరు, వివాహ తేదీ దాకా ఆడవాళ్లు బుద్ధిగా రాశారు. తొమ్మిదో గడి దగ్గర పెన్నులన్నీ ఒక్కసారి ఆగాయి. అది పెన్షనరు మరణించిన తేదీ. నాగభూషణం గారి భార్య తాయారమ్మ గారు పెన్ను మూసి బల్ల మీద పెట్టేసింది. మంగళసూత్రం కళ్లకద్దుకుని, చెయ్యి విరిగినా ఆ గడి రాయనని చెప్పింది. మిగతా పదిమందీ ఆవిడ బాటే పట్టారు.

ధర్మయ్యకు అదీ మంచిదే అనిపించింది. ఆ గడి, దాని తర్వాతి నాలుగు గడులు ఖాళీగా వదిలేయమన్నాడు. నాగభూషణం గారు మెల్లగా లేచి నిలబడ్డారు.

"ధర్మయ్యా, నా దగ్గర తొమ్మిదేళ్లు చేశావు. ఖాళీ గడి ఉన్న ఫారం నేనెప్పుడన్నా పాస్ చేశానా?"

"లేదండీ."

"ఖాళీలు పెట్టమని నేర్పితే, రేపు ఈ ఆడవాళ్లు ఆఫీసుకెళ్లి ఖాళీలే పెడతారు. ఫారం తిరిగొస్తుంది. అప్పుడు మేం లేచొచ్చి నింపుతామా?"

నాగభూషణం గారు భార్య ముందున్న ఫారం తన వైపు లాక్కుని, కోటు జేబులోంచి పెన్ను తీసి, మరణించిన తేదీ గడిలో గుండ్రటి అక్షరాలతో ఆ రోజు తేదీనే వేశారు. పదమూడు, పదకొండు, ఎనభై మూడు. స్థలం అన్నచోట స్కూలు పేరు రాశారు. అండర్ సెక్రటరీ హోదా మనిషి పోయాక కింది హోదా వాళ్లు వెనకాడటం పద్ధతి కాదు. మిగిలిన పదిమంది మగవాళ్లూ భార్యల చేతుల్లోంచి ఫారాలు తీసుకుని, అదే తేదీన, అదే స్కూల్లో పోయారు. భార్యల సంతకాలు కూడా వాళ్లే పెట్టేశారు.

మరణానికి కారణం అన్న గడిలో అందరూ 'గుండె ఆగిపోవడం' అని రాస్తుంటే వసంతకుమారి గారికి కోపమొచ్చింది. గుండె అందరికీ ఆగుతుంది, అది కారణమెలా అవుతుందని మందలించింది. ఇందాక చూసిన బి.పి. చీటీలు చేత్తో పట్టుకుని బెంచీ బెంచీ తిరిగి, ఎవరికి తగిన కారణం వాళ్లకు పంచింది. "మీకు నూట ఎనభై ఉంది, పక్షవాతం రాసుకోండి. మీది షుగరు, మీకు మూత్రపిండాలు." రాసినదాని కింద వైద్య సిబ్బంది గడిలో తాను పొడుగ్గా సంతకం చేసి, మేట్రన్ అని హోదా కూడా వేసింది. సాక్షుల గడుల్లో ఒకరి చావుకు పక్కవాళ్లిద్దరూ సంతకాలు చేశారు. పావుగంటలో పదకొండు ఫారాలు, ఒక్క గడి ఖాళీ లేకుండా, ఒక్క కొట్టివేత లేకుండా తయారయ్యాయి.

నాగభూషణం గారు ఫారాలన్నీ తిరగేసి, "బాగుంది" అన్నారు. తొమ్మిదేళ్లలో ధర్మయ్య ఆ నోటి నుంచి వినని మాట అది. అందరూ చప్పట్లు కొట్టారు. సమోసాలు, టీ వచ్చాయి. ధర్మయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ సంతోషంలో ఇంటికెళ్లి పచ్చడన్నం తిని హాయిగా పడుకున్నాడు. బల్ల మీద ఉన్న ఫారాలు చింపి పారెయ్యాలన్న సంగతి ఆయనకు మర్నాడు సాయంత్రం, ఆఫీసు నుంచి వచ్చే బస్సులో గుర్తొచ్చింది.

స్కూలు చౌకీదారును అడిగితే, బూడిదరంగు మఫ్లరు కట్టుకున్న పెద్దాయన కాగితాలన్నీ సర్ది తీసుకెళ్లాడని చెప్పాడు. బూడిదరంగు మఫ్లరు మల్లేశం గారిది. కరీంనగర్ మనిషి, ఆ పదకొండు మందిలో ఒకడు, ముప్పై మూడేళ్లు డిస్పాచ్ సెక్షన్లో డాక్ ఉత్తరాలు పంపి రిటైరయ్యాడు. కొడుకు క్వార్టర్లో, రెండు వీధుల అవతల ఉంటాడు. ధర్మయ్య వెళ్లేసరికి వరండాలో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"ఆ కాగితాలా? పొద్దుగాలనే ఇచ్చొచ్చిన సారూ," అన్నాడు.

"ఎక్కడ ఇచ్చారండీ?"

"ఎక్కడేంది, పెన్షన్ల ఆఫీసుల. కౌంటర్ల ఇచ్చి ముద్ర ఏపిచ్చుకున్న." చొక్కా జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, ఊదారంగు ముద్ర చూపించాడు. "నింపిన కాగితం బల్లమీద పండుకుంటే నాకు నిద్ర పడ్తదా? నా సర్వీసుల ఒక్కనాడు గూడ డాక్ ఆపలే."

ధర్మయ్య వరండా స్తంభం పట్టుకున్నాడు. "మల్లేశం గారూ, అందులో మీరు కూడా పోయారండీ."

"అవు, నాది గూడ అండ్లనే ఉన్నది. నేనే ఇచ్చిన, వాడు మొఖం సూడలే. మీ పేరు మీద కవరింగ్ లెటర్ పెట్టిన సారూ. అది లేకుంటే కౌంటర్ల తీస్కోరు గద."

ఏ కాగితం మీదా పేరు పడకూడదనుకున్న మనిషి పేరు, హోదాతో సహా, పదకొండు చావుల పైన కుట్టి ఉంది. ధర్మయ్యకు పై ప్రాణాలు పైనే పోయినట్టయింది. బతికున్నవాళ్లు చచ్చారని రాసి పంపిన గుమాస్తాకు ప్రమోషన్ ఎవరిస్తారు. ప్రమోషన్ మాట అటుంచి, ఉన్న ఉద్యోగం ఉంటుందా. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. ఇంటికి నడుస్తూ ఆయన ఇవన్నీ వరసగా తలుచుకుని, క్వార్టరు మెట్ల దగ్గరికి వచ్చేసరికి భార్యా పిల్లలతో విజయవాడ రైలెక్కేశాడు.

సీతారత్నం అంతా విని, పప్పు పోపు పెడుతూ, "రేప్పొద్దున్నే వెళ్లి జరిగింది చెప్పండి. నిజం చెబితే ఎవరేం చేస్తారు," అంది. ఆఫీసులో ఎప్పుడూ పని చెయ్యని మనిషి కాబట్టి ఆవిడకు నిజం మీద అంత నమ్మకం.

మంగళవారం ధర్మయ్య సగం రోజు సెలవు పెట్టి పెన్షన్ల ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి గుమాస్తా కళ్లజోడు సవరించుకుని, "అచ్ఛా, ఆప్ హీ ధర్మయ్యాజీ హైఁ?" అని, ధర్మయ్య అంటే మీరేనా అన్నట్టు కుర్చీలోంచి లేచి చెయ్యి కలిపాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత శుభ్రమైన ఫారాలు చూడలేదన్నాడు. మామూలుగా ఏదో ఒక గడి ఖాళీ ఉంటుందట, దాన్ని తిప్పి పంపుతారట, అది ఎనిమిది నెలలు తిరుగుతుందట. వీటిలో తిప్పి పంపడానికి వంకే దొరకలేదు. అందుకే వచ్చిన రోజే ముందుకు కదిలాయి. పదకొండు మంది పెన్షన్లూ ఆపమని బ్యాంకులకు ఉత్తరాలు ఆ ఉదయమే వెళ్లిపోయాయి. ఒకే రోజు, ఒకే చోట పదకొండు మంది పోవడం బాధాకరమని గుమాస్తా నాలుక చప్పరించాడు కూడా.

నిజం ధర్మయ్య గొంతు దాకా వచ్చింది. అయితే ముందు లోతెంతో చూద్దామని, ఒకవేళ ఎవరైనా పొరపాటున బతికున్న మనిషి పేరు పంపిస్తే ఏమవుతుందని, ఊరికే తెలుసుకుందామన్నట్టు అడిగాడు. గుమాస్తా నవ్వుతూనే చెప్పాడు. ఫారం నింపినవాడికేమీ కాదు, పంపినవాడి మీదే కేసు. ముందు సస్పెన్షన్, ఆ తర్వాత పోలీసులు. ఠీక్ హై, ఠీక్ హై అంటూ ధర్మయ్య వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం దాటాడు. గుమాస్తా వెనకనుంచి కేకేసి, పోయినవాళ్లలో అండర్ సెక్రటరీ హోదా వారు ఉన్నారు కాబట్టి వారి శాఖకు ఫోన్లో కబురు చేశామని, మర్యాద తప్పలేదని చెప్పాడు.

వారి శాఖ అంటే ధర్మయ్య శాఖే. మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే ఏమిటో ఆయనకు బుధవారం ఉదయం తెలిసింది. సెక్షన్ ఆఫీసర్ ఖన్నా ఆయన్ను చూడగానే భుజం మీద చెయ్యి వేసి, నాగభూషణం సాహెబు ఇక లేరని గద్గద స్వరంతో చెప్పాడు. జాయింట్ సెక్రటరీ గారు సంతాప సభ పెట్టమన్నారు. మూడింటికి, పెద్ద సమావేశం హాల్లో. ధర్మయ్య అదే భాషవాడు, తొమ్మిదేళ్లు ఆయన కింద చేసినవాడు, పైగా ఆ ఆదివారం అక్కడ ఉన్నవాడు. కాబట్టి సంతాప తీర్మానం ఆయనే రాయాలి, నాలుగు మాటలు కూడా ఆయనే మాట్లాడాలి.

చెప్పెయ్యాలంటే అదే సమయం. ఖన్నా ఒక్కడే ఉన్నాడు, మంచివాడు. ధర్మయ్య నోరు తెరిచాడు. అప్పుడే ఖన్నా బల్ల మీద, గాజు పలక కింద, ప్రమోషన్ల జాబితా నకలు కనిపించింది. మూడో వరసలో తన పేరు. ధర్మయ్య నోరు మూసుకుని తీర్మానం రాయడానికి వెళ్లాడు.

మూడింటికి అరవై మంది లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ రెండు నిమిషాల్లో తలుపు తోసుకుని నాగభూషణం గారు వస్తారేమోనని ధర్మయ్య కళ్లు మూసుకోలేదు. తర్వాత జాయింట్ సెక్రటరీ మాట్లాడారు. ఇంత చక్కగా నోట్ రాసేవాడు ఈ భవనంలో మళ్లీ పుట్టడన్నారు. ఆయన ఉన్నప్పుడు ఆయన విలువ తెలుసుకోలేకపోయామని కూడా అన్నారు. ఆ తర్వాత ధర్మయ్య వంతు వచ్చింది. అబద్ధమాడటానికి భయం, నిజం చెప్పటానికి భయం. రెంటికీ మధ్య ఉన్న సన్నటి గట్టు మీద ఆయన నడిచాడు.

"ఆదివారం పొద్దున ఆయన్ను చూశాను. ముందు బెంచీ మీదే కూర్చున్నారు. బాగానే ఉన్నారు. నా పని బాగుందన్నారు. ఇంత దూరం వస్తుందని నేను అనుకోలేదు."

అంతవరకు చెప్పి, ఇక ఉద్యోగం దక్కదన్న తలపు రాగానే చేతిలో తీర్మానం మడిచేశాడు. కళ్ల వెంట నీళ్లు జలజల రాలాయి. హాల్లో ఇద్దరు టైపిస్టులు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. జాయింట్ సెక్రటరీ కిందికి దిగొచ్చి ధర్మయ్య వీపు నిమిరి, ఇలాంటి విశ్వాసం ఈ రోజుల్లో అరుదని అందరికీ వినపడేలా అన్నారు. అంతటితో ఆగలేదు. తీర్మానం ప్రతిని ఆ సాయంత్రమే దివంగతుల శ్రీమతి గారికి స్వయంగా అందజెయ్యమని, తన కారు ఇచ్చి పంపారు.

ధర్మయ్య పుట్టిన తర్వాత ప్రభుత్వ కారెక్కడం అదే మొదలు. ఒళ్లో తీర్మానం, పక్కన తెల్లపూల దండ. నాగభూషణం గారు ఉండే మునీర్కా ఎంత దగ్గరపడితే ధర్మయ్య సీట్లో అంత కిందికి జారాడు. తాయారమ్మ గారు తలుపు తీస్తే కాళ్ల మీద పడి నిజం చెప్పేద్దామని, ఆవిడే భర్తకు నచ్చజెప్పుకుంటుందని మెట్లెక్కుతూ నిర్ణయించుకున్నాడు. తలుపు నాగభూషణం గారు తీశారు.

ఆయన ధర్మయ్యను చూశారు, దండ చూశారు, వీధిలో ఆగిన తెల్ల కారును చూశారు. చెయ్యి చాపి కవరు తీసుకుని, గుమ్మంలోనే నిలబడి తీర్మానం మొదటి నుంచి చివరిదాకా చదివారు. ధర్మయ్య దండ పట్టుకుని, చెప్పాల్సిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఫారాలు, మల్లేశం, కవరింగ్ లెటరు, బ్యాంకులు, సభ, ఏడుపు, ఏదీ దాచలేదు. చెప్పడం అయిపోయాక కళ్లు మూసుకున్నాడు.

"లోపలికి రా," అన్నారు నాగభూషణం గారు.

కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా తాను కూర్చున్నారు.

"ఎంతమంది వచ్చారు?"

"అరవై మంది ఉంటారండీ."

"జాయింట్ సెక్రటరీ వచ్చాడా? రెండు నిమిషాలూ నిలబడ్డాడా, మధ్యలో గడియారం చూసుకున్నాడా?"

"చూసుకోలేదండీ. మీ అంత బాగా నోట్ రాసేవాళ్లు మళ్లీ పుట్టరన్నారు."

నాగభూషణం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచింది జోడును కాదని ధర్మయ్యకు తెలుస్తూనే ఉంది. రిటైరైన రోజున పదిహేను నిమిషాల్లో దండ వేసి, గోడ గడియారం చేతిలో పెట్టి పంపించారని, ఆ రోజు జాయింట్ సెక్రటరీ తొంగిచూడలేదని ఆయన మెల్లగా చెప్పారు. ఆ తర్వాత రెండేళ్లలో ఏ ఆఫీసు నుంచీ ఒక్క కాగితం రాలేదట. ఈ మనిషిని చూసి తొమ్మిదేళ్లు వణికిన ధర్మయ్యకు, జీవితంలో మొదటిసారి, ఆయన మీద జాలి కలిగింది.

తాయారమ్మ గారు కాఫీ తెచ్చింది. రెండేళ్లుగా ఆయన ఇంట్లో కూర్చుని పప్పుల డబ్బాలకు నంబర్లు వేస్తున్నారని, నంబరు చెప్పకుండా కందిపప్పు తీయనివ్వరని, ఇన్నాళ్లకు ఆయనకు తిరగడానికి ఒక ఆఫీసు పని దొరికిందని, దేవుడు తన మొర విన్నాడని ధర్మయ్యతో గొంతు తగ్గించి చెప్పింది.

"రేపే వెళ్లి ఆ కాగితాలన్నీ రద్దు చేయిస్తానండీ," అన్నాడు ధర్మయ్య.

"రద్దా? ఫైలు మొదలయ్యాక రద్దు చేస్తారా ఎక్కడైనా? పోయిన మనిషి పోలేదని పద్ధతి ప్రకారం తేలాలి. నేను రాతపూర్వకంగా రిప్రజెంటేషన్ పెడతాను. ఫైలు నంబరెంత?"

గురువారం ఉదయం తొమ్మిదింటికే నాగభూషణం గారు కోటు వేసుకుని, టిఫిను డబ్బా పట్టుకుని మంత్రిత్వ శాఖకు వచ్చారు. ఆయన్ను చూసి జాయింట్ సెక్రటరీ ఆ వారంలో రెండోసారి లేచి నిలబడ్డారు. అరవై మందిని నిలబెట్టి కళ్లనీళ్లు పెట్టించిన అధికారి, పెట్టించింది బతికున్న మనిషి కోసమని కాగితం మీద ఒప్పుకోవడానికి సిద్ధంగా లేరు. విచారణ మాట ఎత్తవద్దని, ఎవరి పేరూ రాయవద్దని, ఎలా సరిచెయ్యాలో నాగభూషణం గారినే చూడమని చెప్పి, ఒక గది, ఒక బల్ల ఇప్పించారు. ప్రమోషన్ల జాబితా నెలాఖరుకు ముందే, శుక్రవారం సంతకమైంది. మూడో పేరు మూడో చోటే ఉంది. ధర్మయ్య దాన్ని నాలుగుసార్లు చదివాడు, అయినా నాగభూషణం గారి గది వైపు తొంగిచూడలేదు. మిగిలిన పదిమందికీ తాను ఇంకా జవాబు చెప్పుకోవాలి. పెన్షన్లు ఆగిపోయాయని వాళ్లకు బ్యాంకుల నుంచి ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఆదివారం వసంతకుమారి గారు రెండో తరగతికి రమ్మని కబురు పంపింది. సీతారత్నం వెళ్లొద్దంది. వెళ్లకపోతే ఇంటికే వస్తారని ధర్మయ్య భయం. మఫ్లరు ముక్కు దాకా చుట్టుకుని స్కూలు గేటు దగ్గరికి వచ్చేసరికి లోపలినుంచి పెద్దగా గోల వినిపించింది. పారిపోదామని వెనక్కి తిరిగితే, మల్లేశం రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్లాడు.

పదకొండు మందీ బెంచీల మీద ఉన్నారు. అందరి బట్టలూ ఇస్త్రీ చేసి ఉన్నాయి. అందరి చంకల్లోనూ ఫైళ్లున్నాయి. బతికున్నట్టు రుజువు కావాలంటే ఒక్కొక్కరికి ఇద్దరు సాక్షులు, మూడు అఫిడవిట్లు, రెండు ఆఫీసుల్లో హాజరు కావాలని నాగభూషణం గారు పద్ధతి కనిపెట్టారు. ఒకరికి ఇంకొకరు సాక్షి కాబట్టి మిగిలిన పదిమందీ శుక్రవారం నుంచీ పదింటి బస్సెక్కి ఆయన గదికి వెళుతున్నారు. మధ్యాహ్నం డబ్బాలు విప్పి కలిసి తింటున్నారు, సాయంత్రం అలసిపోయి ఇంటికొస్తున్నారు. మల్లేశానికి రోజుకు ఇరవై కాగితాల డాక్ పడుతోంది. ఇళ్ల దగ్గర వాళ్ల భార్యలు మధ్యాహ్నం పూట కునుకు తీస్తున్నారు. ఇందులో ధర్మయ్య మీద కోపం ఎవరికీ లేదు. గోల చేస్తున్నది వెనక బెంచీల మీద ఉన్న కొత్తవాళ్లు. మొదటి ఆదివారం ఊళ్లో లేకనో, జ్వరమొచ్చో రాలేకపోయినవాళ్లు పదహారు మంది. తమను ఎందుకు వదిలేశారని, తాము ప్రభుత్వానికి తక్కువ ఏళ్లు చేశామా అని వాళ్లు వసంతకుమారి గారిని నిలదీస్తున్నారు. ఆవిడ బి.పి. మిషను భుజాన వేసుకుని, అందరికీ కారణాలు రాసిస్తాను కాసేపు ఆగమంటోంది.

నాగభూషణం గారు లేచి, ఫారాల కట్ట ధర్మయ్య చేతిలో పెట్టారు.

"వీళ్లక్కూడా నేర్పు," అన్నారు. "ఖాళీలు ఉండకూడదు సుమా."

పదహారు పెన్నుల మూతలు తెరుచుకున్నాయి. పంపినవాడి మీదే కేసన్న గుమాస్తా మాట ధర్మయ్యకు గుర్తొచ్చింది. కాదనాలనుకున్నాడు. ఎదురుగా నాగభూషణం గారి కోటు గుండీలు కనిపించాయి.

ఆ ఆదివారం మధ్యాహ్నానికి, టీ రాకముందే, మరో పదహారు మంది పోయారు.